అర్ధసత్యము

హిందీ చలనచిత్రములలో పెద్దలు కూర్చుండి చూడదగినది ఒకటి చెప్పుమని మా గ్రామమునందలి మిత్రులు కొందరు నన్నడిగిరి. నేను ఏ భక్తకథనో, ఏ పౌరాణికమునో పేర్కొందునని వారు తలచియుందురు. నేను పేర్కొన్నది పోలీసుల కథ, రౌడీల కథ, ఎన్నికల కథ. అందు రక్తము కలదు, తిట్లు కలవు, త్రాగుడు కలదు. దాని పేరు 'అర్ధసత్య'. అది 1983లో వెలువడిన చిత్రము. "కావ్యములు పాఠము చెప్పినవారికి ఈ బొంబాయి రౌడీల కథ ఎట్లు రుచించెనయ్యా?" అని ఒకరు ప్రశ్నించిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పుటయే నేటి నా ప్రసంగము.

మొదట ఆ పేరును గూర్చి ఒక మాట. సత్యమునకు అసత్యము శత్రువని అందరు నెరుగుదురు. అర్ధసత్యము అంతకంటె అపాయకరమైనది. ఏలయన అది సత్యమువలె నడచును, సత్యమువలె పలుకును. ద్రోణపర్వమున ధర్మరాజు అశ్వత్థామ మరణమును బిగ్గరగా పలికి, ఏనుగు అను మాటను మాత్రము మెల్లగా పలికెను. ఆ పలికినదానిలో అబద్ధమైన అక్షరము లేదు. అయినను అంతవరకు నేలకు నాలుగు వ్రేళ్ళ ఎత్తున నడచుచుండిన ఆయన రథము ఆ క్షణమున నేలనంటెను. ఈ చిత్రమును అట్టి కథయే. ఒక మంచివాని రథము మెల్లమెల్లగా, ఒక్కొక్క వ్రేలి చొప్పున, నేలకు దిగుటను ఇందు మనము చూతుము.

ఈ చిత్రమునకు దర్శకుడు గోవింద నిహలానీ. మూలము మరాఠీ రచయిత పన్వల్కర్ వ్రాసిన 'సూర్య' అను కథ. దానిని చిత్రమునకు అనువుగా వ్రాసినవాడు ప్రసిద్ధ నాటకకర్త విజయ్ తెండూల్కర్. ఈ ఇరువురును మనకు బొత్తిగా పరాయివారు కారు. తెలంగాణములోని దొరల దౌర్జన్యమును చూపిన 'నిశాంత్' అను చిత్రము 1975లో వచ్చెను. ఒక బడిపంతులు భార్యను దొర తమ్ములు ఎత్తుకొనిపోవుటయు, ఆ పంతులు న్యాయమునకై అందరి గుమ్మములు త్రొక్కి విసిగిపోవుటయు దాని కథ. దానికి రచన చేసినవాడు ఈ తెండూల్కరే; ఛాయాగ్రహణము చేసినవాడు ఈ నిహలానీయే. పల్లెలో దొర చేతిలోనున్న బలము పట్టణములో ఎవరి చేతికి పోయినదని ఆ ఇరువురును ఎనిమిదేండ్ల తరువాత మరల ప్రశ్నించుకొనిరా యన్నట్లుండును 'అర్ధసత్య'.

ఇక కథ. అనంత వేలంకర్ బొంబాయి నగరములో సబిన్‌స్పెక్టరు. అతని తండ్రి పల్లెటూరి పోలీసు కొలువులో పనిచేసి విరమించినవాడు. ఇంటిలో చిన్న నెపము దొరికినను భార్యపై చేయిచేసుకొను మనిషి. తల్లి దెబ్బలు తినుచుండగా తలుపుకడ నిలిచి చూచుట తప్ప ఏమియు చేయలేని బాలుడు అనంతుడు. పెద్దవాడై పట్టము పొందిన పిమ్మట ఇంకను చదువుకొందునని అతడు కోరెను. తండ్రి ఒప్పుకొనలేదు, పోలీసు ఉద్యోగమున చేరవలసినదే యనెను. కొడుకు తలవంచెను. తండ్రి పిడికిలిని అసహ్యించుకొనిన కొడుకు ఆ తండ్రి కట్టిన ఖాకీబట్టనే కట్టుట ఈ కథకు బీజము.

అనంతుడు లంచము తీసికొనడు; పనిదొంగ కాడు. ఒకనాడు ముగ్గురు రౌడీలను పట్టి లోపల వేయును. వారి యజమాని రామాశెట్టి. ఇతడు నగరములోని ఒక భాగమును తన గుప్పిట పెట్టుకొనినవాడు. కార్పొరేషను ఎన్నికలలో నిలుచుటకు సిద్ధపడుచున్నవాడు. తనవారిని విడిపించుకొనుటకును, అనంతునే తనవైపు త్రిప్పుకొనుటకును ఇతడు ప్రయత్నించును. అనంతుడు లొంగడు. తరువాత మురికివాడలోని ఒక పేదవాడు తన భార్యను కొందరు అల్లరిపెట్టుచున్నారని మొరపెట్టుకొనును. అనంతుడు ఆ అల్లరివాండ్రను పట్టి చితుకగొట్టును. ఇక్కడ మనకు సంతోషము కలుగును. కాని వాండ్రు ఒక శాసనసభ్యుని మనుషులు. అనంతుని కొలువునుండి తొలగింపవలెనని పై నుండి ఒత్తిడి వచ్చును.

"నేను తప్పు చేయలేదు, విచారణకు నిలిచెదను" అనును అనంతుడు. పై అధికారియైన హైదర్ అలీ లోకము తెలిసినవాడు. విచారణ అంతవరకు రానే రాదనియు, వచ్చినను ఏండ్లకొలది సాగుననియు, తొలగింపబడినాడను మచ్చ మాత్రము నిలిచిపోవుననియు నచ్చజెప్పి, ఢిల్లీలో పలుకుబడి గల ఒక మధ్యవర్తిచేత ఆ వ్యవహారమును చక్కబెట్టించును. ఒక్క పైసా చేతులు మారినట్లు మనము చూడము. ఎవరును కఠినమైన మాట యనరు. అయినను, మిత్రులారా, రథము ఒక వ్రేలు దిగినది. న్యాయము చేసినవాడు తన న్యాయమును నిలుపుకొనుటకు దొడ్డిదారిన పోవలసివచ్చెను.

ఆ పిమ్మట రామాశెట్టి మనుషులలో ఒకడు ఒడలెల్ల కాలి చావుబ్రతుకులలో పడియుండుటను అనంతుడు కనుగొని, ఆసుపత్రికి చేర్చి, తన్ను తగులబెట్టినవారెవరో వానిచేతనే చెప్పించి వ్రాసికొనును. మరణవాఙ్మూలమునకు న్యాయస్థానములో ఎంత విలువయో మీరెరుగుదురు. ఆ బలముతో అతడు రామాశెట్టి ఇంటికి పోవును, పట్టుకొనుటకు. రామాశెట్టి కోపింపడు, భయపడడు, టెలిఫోను ఎత్తి ఎవరితోనో నాలుగు మాటలాడును. ఆ టెలిఫోనులోనే అనంతునకు పై నుండి ఆజ్ఞ వచ్చును: వెనుకకు రమ్మని. సాక్ష్యము కలదని అతడు చెప్పబోవును, వినువారు లేరు. వచ్చిన త్రోవనే అతడు మరలిపోవును. తుపాకి లేదు, కత్తి లేదు. ఒక టెలిఫోను మాత్రమే. ఇంత చల్లని దౌర్జన్యమును నేను మరి ఏ చిత్రమునందును చూడలేదు. రామాశెట్టి వేషము ధరించిన సదాశివ అమ్రాపుర్కర్ అనునతడు గొంతు పెంచకయే మనకు వణుకు పుట్టించును.

అనంతుని పాత్రము ధరించినవాడు ఓం పురి. ఇతనికి నాయకులకుండు అందము లేదు. మశూచి మచ్చలుగల ముఖము. ఆ ముఖమే ఇచట మాటలాడును. ఈ పాత్రమునకు అతనికి ఉత్తమనటుడుగా జాతీయపురస్కారము లభించెను. మన తెలుగులో ఉమామహేశ్వరరావు తీసిన 'అంకురము' చూచినవారు ఓం పురిని అందును చూచియుందురు. అతడు 2017 జనవరిలో గతించెను. అనంతుడు ప్రేమించిన జ్యోత్స్న అను కళాశాల ఉపాధ్యాయినిగా నటించిన స్మితా పాటిల్ అంతకు చాల ముందుగనే, 1986లో, 31 ఏండ్ల ప్రాయముననే కాలధర్మము నొందెను.

ఆ జ్యోత్స్న ఒకనాడు అనంతునకు ఒక కవితాపుస్తకము నిచ్చును. అందులోని ఒక కవితను అతడు వేడుకగా చదువ మొదలుపెట్టును. చదువుచు చదువుచు అతని గొంతు మారిపోవును. ఆ కవిత దిలీప్ చిత్రే రచించినది, చక్రవ్యూహమును గూర్చినది. వ్యూహములో చొచ్చువానికి తానెవడో తెలియదు. చొచ్చిన పిమ్మట తెలిసికొనుటకు తీరిక యుండదు. అభిమన్యుని కథ బాల్యమునుండి వినుచున్న మనకు ఇది వేరుగా వివరింపనక్కరలేదు. బయటికి వచ్చు ఉపాయము తెలియని పిల్లవానిని వ్యూహములోనికి పంపినవారు పెద్దలే యను సంగతి కూడ మనకు తెలియును.

ఇప్పుడు నేను ముఖ్యమైన విషయమునకు వచ్చుచున్నాను. కోపముగల పోలీసు అధికారి కథ మనకు క్రొత్త కాదు. 1973లో హిందీలో వచ్చిన 'జంజీర్', దానిని అనుసరించి 1974లో రామారావుగారు నటించిన 'నిప్పులాంటి మనిషి' మీలో పెక్కుమంది చూచియే యుందురు. అట్టి చిత్రములలో నాయకుని కోపము గురి తప్పని బాణము. అది దుష్టునే తాకును. తాకినప్పుడెల్ల మనము చప్పట్లు కొట్టుదుము. ఆ సంతోషము తప్పని నేననను. కాని లోకములో కోపము అట్టి బాణము కాదు. అది వాననీరు వంటిది; పల్లమునకు పారును. బలవంతునిపై ఎక్కలేని కోపము బలహీనునిపై దిగును. 'అర్ధసత్య' చెప్పిన సత్యమిది.

అనంతుడు ప్రాణమునకు తెగించి కొండలలో ఒక బందిపోటును పట్టుకొనును. ఆ కీర్తి మరియొక అధికారికి పోవును. అతడు త్రాగ మొదలుపెట్టును. ఆ స్థితిలో నున్నప్పుడు ఒక చిల్లరదొంగను స్టేషనుకు తెచ్చుదురు. వాడు చేసిన నేరము ఒక చిన్న ట్రాన్సిస్టరు రేడియో దొంగిలించుట. అదియును అనుమానము మాత్రమే. అనంతుడు వానిని కొట్టును. రామాశెట్టి టెలిఫోను నెత్తినప్పటి అవమానము, పోయిన కీర్తి, తల్లిని కొట్టిన తండ్రి పిడికిలి, ఇవన్నియు ఆ దెబ్బలలోనికి వచ్చును. దొంగ చనిపోవును. మనిషిని తగులబెట్టించినవాడు మాలలు వేయించుకొని కార్పొరేషనులో కూర్చుండును. రేడియో దొంగిలించెనను అనుమానమున్నవాడు స్టేషనులో శవమగును. రెండింటి నడుమ నిలిచినవాడు మన మంచి అనంతుడు.

మిత్రులారా, ఈ ఘట్టమును మీరు చూడవలెనని నా కోరిక. చూచి, ఒక్క ప్రశ్న వేసికొనవలెనని అంతకంటె పెద్ద కోరిక. మన గ్రామములలో మేకపోయినప్పుడు, నీళ్ళమోటారు పోయినప్పుడు, అనుమానము ఎవరిపై పోవును? ఊరి చివర నుండు బీదవానిపై పోవును. వానిని స్టేషనుకు పంపునప్పుడు "రెండు తగిలించిన గాని వీడు నిజము చెప్పడు" అను మాట ఎవరి నోట వచ్చును? అది కసాయివాండ్ర నోట వచ్చునది కాదు. తలపాగ కట్టి రచ్చబండమీద కూర్చుండు పెద్దమనుష్యుల నోట వచ్చును. మేక పోయినది సత్యము. దొంగకు శిక్ష కావలెననుటయు సత్యము. కాని ఈ రెండు సత్యములును కలిసి పూర్ణసత్యము కాలేదు. దెబ్బలకు తాళలేక ఒప్పుకొనినవాడు దొంగయే యనుటకు ప్రమాణమేమి?

దండమును గూర్చి మన స్మృతికర్తలు అజాగ్రత్తగా మాటలాడలేదు. మనస్సును అదుపులో నుంచుకొనలేనివాడు దండమును పట్టరాదనియు, పట్టినచో అది పట్టినవానినే నాశనము చేయుననియు మనువు హెచ్చరించెను. నేటి శాసనములును అదియే చెప్పుచున్నవి. ఒప్పుకోలుకై హింసించుట ఏడేండ్లవరకు కారాగారశిక్షకు తగిన నేరమని 1860 నాటి శిక్షాస్మృతిలోనే యుండెను. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయసంహితయందును ఉన్నది. పట్టుకొనిన మనిషిని, ప్రయాణకాలము పోగా, 24 గంటలలోపల మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెనని మన రాజ్యాంగము ఆజ్ఞాపించుచున్నది. 1996 డిసెంబరులో డి. కె. బసు వ్యాజ్యమున సుప్రీంకోర్టు మరికొన్ని నియమములను విధించెను. వానిలో నొకటి మీరు విశేషముగా వినదగినది. ఒకనిని అరెస్టు చేయునప్పుడు అధికారి ఒక పత్రము వ్రాయవలెను. దానిపై సాక్షిగా వాని కుటుంబమువాడొకడు గాని, ఆ ప్రాంతమునందలి గౌరవనీయుడైన మనిషి యొకడు గాని సంతకము చేయవలెను. ఈ నియమము తరువాత శాసనములోనికే ఎక్కినది.

ఆ గౌరవనీయుడైన మనిషి ఎవరు? మీరే. శాసనము మిమ్ము పేరు పెట్టి పిలువలేదు గాని, పిలిచినది మిమ్మే. ఊరి బీదవాడు స్టేషనుకు పోవునాడు వాని వెంట ఒక పెద్దమనిషి నడచిపోయి, "అయ్యా, పత్రము వ్రాసినారా? వీనిని ఏ దినమున మేజిస్ట్రేటుకడకు తీసికొనిపోదురు?" అని మర్యాదగా అడిగినచో, అచటి అనంతులకు కూడ అది మేలే. ఆ అధికారి రథము దిగకుండ ఒక చేయి పట్టి ఆపినట్లగును.

"ఈ దుఃఖము, ఈ చీకటి మాకేల? సంధ్యవేళ చూచుటకు మంచిమాటలు లేవా?" అని కొందరనవచ్చును. మన నాటకములు మంగళాంతములుగా నుండవలెనను సంప్రదాయము నాకును ఇష్టమే. కాని భాసుడు 'ఊరుభంగము' వ్రాసినప్పుడు తొడలు విరిగిన దుర్యోధనుని ప్రేక్షకుల కన్నుల ఎదుటనే చావనిచ్చెను. దుర్యోధనుని ద్వేషించువాడు సైతము ఆ చావు చూచి నోరు మూసికొనవలసినదే. వెలుగును మాత్రమే చూపు కావ్యము మంచిదే. కాని ఇంటిలో పాము దూరినప్పుడు దీపమును దేవునిగదిలో పెట్టుకొని కూర్చుండరాదు, మూలకు పట్టవలెను. ఈ చిత్రము మూలకు పట్టిన దీపము.

ఇందలి నేరమునకు మూలము రాజకీయము. పోలీసులను నడుపుటకు 1861లో తెల్లవారు చేసిన శాసనము స్వరాజ్యము వచ్చిన పిమ్మటను చిరకాలము నిలిచినది. అధికారి యెవరి మాట వినవలెనను ప్రశ్నకు సూటియైన సమాధానము దొరకలేదు. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు పోలీసు అధికారులకు నిర్ణీతకాలపు పదవిని, ప్రజల ఫిర్యాదులు వినుటకు ప్రత్యేకసంస్థలను ఏర్పరుపవలెనని రాష్ట్రములను ఆజ్ఞాపించెను. చిత్రము వెలువడిన 23 ఏండ్లకు అట్టి ఆజ్ఞ కావలసివచ్చెననిన, ఆ టెలిఫోను కట్టుకథ కాదని తెలియుచునే యున్నది. ఇక రామాశెట్టి కార్పొరేషనులో కూర్చుండుటకు ఓటు వేసినదెవరు? ఆ ప్రశ్నను చిత్రము అడుగదు. అడుగకుండుటచేతనే అది మనకు మిగిలిపోవును.

ఈ చిత్రమును చూచు విధమును గూర్చి ఒకటి రెండు మాటలు. చిన్నపిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనకుడు. ఎదిగిన మనుమని మాత్రము కూర్చుండబెట్టుకొనుడు. ముఖ్యముగా పోలీసు పరీక్షలకు చదువుచున్నవాడైనచో తప్పక కూర్చుండబెట్టుకొనుడు. హిందీ రాని పెద్దలకు వాడే అర్థము చెప్పగలడు. తెలంగాణములోని పెద్దలకు ఉర్దూ చెవిసోకిన భాషయే కనుక చిక్కు లేదు. నిడివి రెండు గంటలకు పైగా నుండును. చెట్లచుట్టు తిరుగు పాటలు లేవు. మైక్ లోబో అను పాత్రమును, కొలువు పోగొట్టుకొని త్రాగుడుకై చేయి చాచు ఒకనాటి పోలీసు అధికారిని, కనిపెట్టి చూడుడు. నసీరుద్దీన్ షా ధరించిన ఆ పాత్రము కొద్దిసేపే కనబడును. కాని అనంతుడు వానిని చూచునప్పుడు తన రేపటి ముఖమును అద్దములో చూచుకొనుచున్నాడని మీరు గ్రహింతురు.

దొంగ చావుతో అనంతుడు కొలువునుండి తాత్కాలికముగా తొలగింపబడును. తన్ను కాపాడగలవాడు ఇక ఒక్కడే యని, అతడు రామాశెట్టి గుమ్మము త్రొక్కును. లోపల ఆ ఇరువురి నడుమ ఏమి మాట జరిగెనో, ఏమి పని జరిగెనో నేను చెప్పను. అది మీరు చూడవలసినదే. ఒక్క మనవి మాత్రము చేసెదను. ఆ కడపటి ఘట్టమున మీ చేతులు చప్పట్లు కొట్టుటకు ఎత్తబడవచ్చును. ఎత్తుడు, కాని కొట్టుటకు ముందు క్షణకాలము నిలిపి, ట్రాన్సిస్టరు దొంగను తలచుకొనుడు. అప్పటికిని చప్పట్లు వచ్చినచో కొట్టుడు. రానిచో, చిత్రము మీకు తన రెండవ సగము సత్యమును చెప్పినదని తెలియుడు.